మొదటి ప్యాచ్ పంపబోతున్న మేనకోడలికి

చిరంజీవి బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

ఓపెన్ సోర్స్‌లో, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండి ఎవరైనా మార్పులు పంపగలిగే సాఫ్ట్‌వేర్‌లో, పని మొదలుపెట్టాలనుంది, ఎక్కడ పట్టుకోవాలో తెలియట్లేదు అని మొన్న ఫోన్‌లో అన్నావు. ప్లేస్‌మెంట్లకి పనికొస్తుందని సీనియర్లు చెప్పారట. పనికొస్తుంది, కాదనను. కానీ రెజ్యూమె కోసమే మొదలుపెట్టినవాళ్ళు రెండో ప్యాచ్ (కోడ్‌లో చేసి పంపే మార్పు) దాకా రావడం నేను చాలా తక్కువగా చూశాను.

ఓపెన్ సోర్స్‌కి జనాన్ని రప్పించడానికి ఏటా అక్టోబర్‌లో జరిపే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో 2020లో ఏం జరిగిందో చెబుతాను. నాలుగు పుల్ రిక్వెస్టులు, అంటే ‘నా మార్పు కలుపుకోండి’ అనే అభ్యర్థనలు, పంపినవాళ్ళకి టీషర్టు అన్నారు. దానికోసం ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైల్లో ఒక మాట అటూ ఇటూ మార్చి కుప్పలుతెప్పలుగా పంపేశారు జనం. చివరికి నిర్వాహకులు నెల మొదటి వారంలోనే రూలు మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకి పంపినవే లెక్కలోకి వస్తాయన్నారు. ఆ చెత్తంతా ఏరింది మెయింటెయినర్లు, అంటే ప్రాజెక్టుల్ని చూసుకునేవాళ్ళు. వాళ్ళలో చాలామందికి ఈ పనికి జీతం లేదు. ఆఫీసు నుంచి వచ్చి, పిల్లల్ని పడుకోబెట్టి, రాత్రి ఒక గంట లాప్‌టాప్ తెరుస్తారు. నువ్వు పంపే ప్రతిదీ ఆ గంటలోంచే కొంత తింటుంది. ఏం చేసినా ముందు ఆ గంట గుర్తు చేసుకో.

ఏ ప్రాజెక్టు అంటావా? నువ్వు రోజూ వాడేదే. నీ ల్యాబ్ రికార్డులన్నీ లిబ్రేఆఫీస్‌లోనే రాస్తున్నావుగా, దాన్నే పట్టుకో. 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడిపోయి వచ్చిన ప్రాజెక్టు అది. కొత్తవాళ్ళ కోసమే చిన్న చిన్న పనులు ఏరి ‘ఈజీ హ్యాక్స్’ అని విడిగా పెడతారు. అయితే మొదటి రోజే కోడ్ జోలికి పోకు. మొదటిసారి బిల్డ్ చేయడానికే, అంటే కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడానికే, మామూలు లాప్‌టాప్‌లో గంటలు పడుతుంది. చార్జర్ పెట్టి రాత్రి వదిలేసి పడుకో.

అది అయ్యేలోపు బగ్గులు, అంటే ప్రోగ్రామ్‌లో తప్పులు, నమోదయ్యే బగ్‌జిల్లా సైటులో ఇంకా ఎవరూ నిర్ధారించనివి చూడు. ఒకదాన్ని తీసుకుని నీ మెషీన్‌లో అదే పని చేసి చూడు. వచ్చిందా? ఏ వెర్షన్‌లో, ఏ ఓఎస్ మీద, ఏం నొక్కితే ఏం వచ్చింది, ఏం రావాల్సింది, వరసగా రాయి. రాకపోతే రాలేదని రాయి. ఇది చిన్న పని అనుకునేవాళ్ళు ఉన్నారు. నా లెక్కలో ఇదే అసలు పని. నువ్వు అరగంట కూర్చుని రాసిన నాలుగు లైన్లు ఇంకొకళ్ళకి ఒక పూట మిగులుస్తాయి.

నేను మొదలుపెట్టింది తెలుగు అనువాదంతో. అప్పట్లో ఒక ప్రాజెక్టులో ఫైళ్ళు కాపీ అయ్యేటప్పుడు కనిపించే వాక్యం నాకు వచ్చింది. ఇంగ్లీషులో ముందు అయిన ఫైళ్ళ లెక్క, తర్వాత మొత్తం లెక్క. అంకెలు వచ్చే రెండు చోట్లా పర్సెంట్ గుర్తు, పక్కన ‘డి’ ఉంటాయి. తెలుగులో మనం మొత్తం ముందు చెబుతాం కదా, పది ఫైళ్ళలో మూడు అని. నేను అలాగే రాసి పంపేశాను. ప్రోగ్రామ్‌కి ఆ సంగతేం తెలుసు? వచ్చిన వరసలో అంకెలు పెట్టుకుంటూ పోయింది. స్క్రీన్ మీద ‘3 ఫైళ్ళలో 10 కాపీ అయ్యాయి’ అని కనిపించింది.

దాన్ని పట్టుకున్న మెయింటెయినర్‌కి తెలుగు అక్షరం ముక్క రాదు. అంకెలు చూసి పట్టుకున్నారు. ముందు రావాల్సిన చోట పర్సెంట్ గుర్తు తర్వాత 2, డాలర్ గుర్తు, అప్పుడు ‘డి’ పెట్టు, రెండో చోట 1 పెట్టు, వరస దానంతటదే సరిపోతుంది అని ఓపిగ్గా రాశారు. ఆ జవాబు ఇప్పటికీ దాచుకున్నాను. ఆ రోజు నుంచి ప్రోగ్రామ్ నడిపి, స్క్రీన్ మీద కళ్ళతో చూడకుండా ఏదీ పంపలేదు. నువ్వూ పంపకు.

కోడ్ పంపే రోజు వచ్చాక ఒక ప్యాచ్‌లో ఒకే మార్పు ఉండాలి. పక్కన స్పేసులు వంకరగా కనిపించినా సర్దకు, అది వేరే ప్యాచ్. కమిట్ మెసేజ్‌లో, అంటే మార్పుతో పాటు వెళ్ళే వివరణలో, ఏం మార్చావో ఒక్క లైనులో, ఎందుకు మార్చావో కింద రాయి. ఏఐ రాసిచ్చిన కోడ్‌లో నీకు అర్థం కాని లైను ఒక్కటున్నా పంపొద్దు. అడిగితే జవాబు చెప్పాల్సింది నువ్వే. లైసెన్స్‌కి ఒప్పుకుంటున్నానని లిబ్రేఆఫీస్‌వాళ్ళకి ఒకసారి ఈమెయిల్ చేయాలి, అది ముందే చేసెయ్.

ప్యాచ్ తిరిగొస్తుంది. టెన్షన్ పడకు, అందరివీ తిరిగొస్తాయి. కామెంట్ పొడిపొడిగా ఉంటే కోపం అనుకోవద్దు, టైము లేక అంతే రాస్తారు. చెప్పింది సరిచేసి కొత్తది చేయకుండా అదే కమిట్‌ని సవరించి (అమెండ్ చేసి) పంపు. కమిట్ మెసేజ్‌లో ఉండే చేంజ్ ఐడీ లైను మాత్రం చెరపకు. అది ఉంటేనే, ప్యాచ్‌లు పరిశీలించే గెరిట్ అనే సైటు దాన్ని పాత ప్యాచ్‌కి కొత్త వెర్షన్‌గా తీసుకుంటుంది. వారం గడిచినా ఉలుకూ పలుకూ లేకపోతే ఒకసారి మర్యాదగా గుర్తు చెయ్. పరీక్షలొచ్చి మధ్యలో ఆపాల్సి వస్తే, నేను చేయలేకపోతున్నాను, ఇంకెవరైనా తీసుకోవచ్చు అని రాసి వదులు. చెప్పకుండా మాయమైతే ఆ పని నీ పేరు మీద నెలలు పడి ఉంటుంది, ఇంకొకళ్ళు ముట్టుకోరు.

ఆదివారం పొద్దున ఖాళీగా ఉంటాను. ఈలోపు ఒక బగ్ చూసి పెట్టుకో. నువ్వు రాసిన నాలుగు లైన్లూ పంపేముందు ఫోన్‌లో నాకు చదివి వినిపించు.

మీ మామయ్య