వైజాగ్‌లో ఒక రాత్రి ఆగి అరకు వెళ్ళాలా, ట్రైన్ దిగగానే బయల్దేరాలా?

మీరు అడిగింది ఐదుగురు ఫ్రెండ్స్ హైదరాబాద్ నుంచి ట్రైన్‌లో వైజాగ్ వచ్చి అక్కడ సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకుని అరకు, లంబసింగి తిరగాలనుకుంటున్నారు, ఉన్నది మూడు రోజులే, అలాంటప్పుడు వైజాగ్‌లో హోటల్ తీసుకుని ఒక రాత్రి ఉండటం దండగ కాదా అని. దండగ కాదండి. నేను ఇదే ట్రిప్ రెండుసార్లు చేశాను, ఒకసారి ఆగకుండా, ఒకసారి ఆగి, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

మొదటిసారి మేం రాత్రి ట్రైన్ ఎక్కాం, కాలేజ్ అయ్యాక అందరం కలవడం అదే మొదలు, ఇంక నిద్ర ఎక్కడిది, తెల్లారేదాకా కబుర్లే. పొద్దున్నే స్టేషన్ దగ్గర కారు తీసుకుని మొహం కూడా సరిగ్గా కడుక్కోకుండా బయల్దేరిపోయాం. ఎస్.కోట (శృంగవరపుకోట) దాటేదాకా బానే ఉంది, ఘాట్ మొదలయ్యాక వెనక ముగ్గురు నిద్రపోయారు, నేను ముందు సీట్లో కూర్చుని కూడా కునుకు తీస్తున్నా, నడిపేవాడికి మాత్రం కళ్ళు మంటలు, వాడు ఆ మాట చెప్పలేదు, మేమూ అడగలేదు. ఒక మలుపులో ఒక్క క్షణం వాడి కళ్ళు మూతపడి ఎడమ చక్రాలు రోడ్డు దిగి మట్టిలోకి వెళ్ళాయి, ఆ కుదుపుకి వాడే లేచి బ్రేక్ కొట్టాడు. ఆ పక్కన లోయ ఉంది. బండి ఆపి దిగి అరగంట పైనే రాళ్ళ మీద కూర్చున్నాం, ఎవరి నోట్లోంచి మాట రాలేదు. మళ్ళీ బయల్దేరాక అనంతగిరి దగ్గర పంక్చర్, స్టెప్నీ తీస్తే అందులో గాలి లేదు, ఎందుకంటే పొద్దున హడావిడిలో కారు చూసుకోకుండానే తీసుకున్నాం. బొర్రా గుహలు చేరేసరికి మాలో ఇద్దరు కారులోనే పడుకుండిపోయారు, అంత దూరం వచ్చి వాళ్ళు ఆ గుహ చూడనే లేదు, ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది.

రెండోసారి 2024 డిసెంబర్‌లో వెళ్ళాం. మాలో ఒకడు డల్లాస్ నుంచి సెలవు మీద వచ్చాడు, మళ్ళీ ఎప్పటికి కుదురుతుందో తెలీదు కాబట్టి ఈసారి జాగ్రత్తగా ప్లాన్ చేసుకున్నాం. సికింద్రాబాద్‌లో తెల్లవారుజామున ఎక్కే వందే భారత్ ఉంది కదా, అది ఎక్కితే మధ్యాహ్నం రెండు లోపే వైజాగ్‌లో ఉంటారు, అంటే పగలు సగం, రాత్రి మొత్తం మీ చేతిలో ఉంటుంది. ఆర్కే బీచ్ దగ్గర్లో రూమ్ తీసుకున్నాం. ఊరి చివర ఎన్‌ఏడీ జంక్షన్ వైపు తీసుకుంటే పొద్దున ఊళ్ళోంచి బయటపడటం తేలిక అని కొందరు చెప్తారు, నిజమే గానీ ఐదున్నర లోపు బయల్దేరితే బీచ్ నుంచి కూడా ట్రాఫిక్ పెద్దగా ఉండదు, ఉన్న ఒక్క రాత్రి సముద్రం పక్కన ఉండకుండా ఇంకెక్కడో ఎందుకు ఉండాలి చెప్పండి.

సాయంత్రం కురుసురా సబ్‌మెరైన్ చూడండి, బీచ్ రోడ్డు మీదే ఉంటుంది. 1969లో నేవీలో చేరి 2001 దాకా పనిచేసింది, 2002లో ఒడ్డుకి లాగి మ్యూజియం చేశారు. లోపల నడిచే దారి ఎంత ఇరుకంటే ఒకరి వెనక ఒకరు పోవాల్సిందే, ఆ చిన్న చిన్న బెర్తులు, గోడల నిండా పైపులు, మీటర్లు చూస్తుంటే అన్నేసి రోజులు నీళ్ళ కింద మనుషులు ఇందులో ఎలా ఉన్నారో అనిపిస్తుంది. మా డల్లాస్ వాడు ఒక బెర్త్ దగ్గర చాలాసేపు నిలబడిపోయాడు, వాళ్ళ నాన్నగారు నేవల్ డాక్‌యార్డ్‌లో పనిచేసి రిటైరయ్యారు, ఆయన పోయి అప్పటికి ఏడాది, వీడు చివరి చూపుకి అందలేదు. ఆ సంగతి మాకు తెలుసు గానీ వాడు ఎప్పుడూ దాని గురించి మాట్లాడలేదు. ఆ రాత్రి మూరీ మిక్చర్ పొట్లాలు పట్టుకుని బీచ్ గోడ మీద కూర్చున్నప్పుడు, పోర్టులోకి పోవడానికి దూరంగా ఆగి ఉన్న ఓడల దీపాలు వరసగా కనపడుతుంటే, అప్పుడు చెప్పాడు మొత్తం. ఎవరం ఫోన్ తీయలేదు. పొద్దున్నే కారెక్కేసి ఉంటే ఆ మాటలు ఎక్కడ వచ్చేవి, కారులో ఒకడు రోడ్డు చూస్తుంటాడు, ఒకడు మ్యాప్ చూస్తుంటాడు, మిగతావాళ్ళు కిటికీలోంచి ఫోటోలు తీస్తుంటారు.

ఒక్కటి మాత్రం, ఆర్కే బీచ్‌లో పాదాలు తడుపుకోండి చాలు, లోపలికి దిగొద్దు. అక్కడ కెరటం లోపలికి లాగేస్తుంది, ఈత వచ్చినవాళ్ళు కూడా పోయారు. చీకటి పడ్డాక అసలు వద్దు.

కారు కూడా ఆ సాయంత్రమే తీసుకోండి. చుట్టూ తిరిగి గీతలన్నీ వీడియో తీసుకోండి, స్టెప్నీ గాలి, జాకీ, వైపర్లు, ఫాగ్ లైట్లు చూడండి, ట్యాంక్ ఫుల్ చేయించి పెట్టుకోండి. ఘాట్ ఎవరు నడపాలి, డబ్బులన్నీ ఎవరి ఫోన్ నుంచి పోవాలి అనేవి రాత్రి భోజనం దగ్గరే తేల్చేసుకోండి, మేం అలా చేశాం, ట్రిప్ మొత్తంలో ఒక్క గొడవ లేదు. ఘాట్ నడిపేవాడిని పదింటికల్లా పడుకోబెట్టండి, మిగతావాళ్ళు కావాలంటే మేలుకోండి.

పొద్దున గోపాలపట్నం, పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోటలో టిఫిన్. అక్కణ్ణించి ఘాట్, వైజాగ్ నుంచి అరకు మొత్తం 115 కిలోమీటర్ల దాకా ఉంటుంది, బొర్రా చూసుకుంటూ కాఫీ తోటల దగ్గర ఆగుతూ పోతే మధ్యాహ్నం అవుతుంది. మలుపు మలుపుకీ హారన్ కొట్టండి, ఎక్కే బండికి దారివ్వండి, దిగేటప్పుడు బ్రేక్ మీదే కాలు పెట్టి ఉంచకుండా సెకండ్ గేర్‌లో దిగండి. బొర్రాలో కోతులున్నాయి, చేతిలో తినేవి పెట్టుకోవద్దు. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియం తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు, అలా ఉంటాయి తోటలు, ఇక్కడి అరబికా కాఫీకి 2019లో జీఐ (భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది, పొడి కొనుక్కోండి. నవంబర్, డిసెంబర్‌లో వెళ్తే వలిసె పూలు, పొలాలకి పొలాలే పసుపు, కానీ చేలోకి దిగి తొక్కకండి, అది రైతు పంట.

ఇక వచ్చిన దారినే వెనక్కి రావద్దు. అరకు నుంచి పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి, లంబసింగి, నర్సీపట్నం, అనకాపల్లి, ఇలా చుట్టు తిరిగి వైజాగ్ చేరొచ్చు. మీకున్న టైమ్‌లో పాడేరు దగ్గరి వంజంగి కొండ మీంచి మేఘాలు, లంబసింగి మంచు రెండూ తెల్లవారుజామునే చూడటం కుదరదు, ఒకటి ఎంచుకోవాలి. నేనైతే వంజంగి అంటాను, రెండో రాత్రి పాడేరులో పడుకుని నాలుగింటికి లేచి కొండెక్కితే కింద లోయంతా పాలు పోసినట్టు మేఘాలు, వాటి మీద సూర్యుడు, ఆ చలిలో మా ఐదుగురం ఒకే దుప్పటి కప్పుకుని నిలబడ్డాం. తర్వాత దారిలో కొత్తపల్లి జలపాతం, చింతపల్లి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం మొదట దాడి చేసిన పోలీస్ స్టేషన్ ఈ చింతపల్లిదే, అక్కడ కాసేపు బండి ఆపండి. లంబసింగికి మధ్యాహ్నం చేరతారు, మంచు ఉండదు గానీ చల్లగా ఉంటుంది, భోజనం అక్కడ చేసి రాత్రి ట్రైన్ టైమ్‌కి వైజాగ్‌లో ఉండొచ్చు. కొండల్లో చాలాచోట్ల సిగ్నల్ పోతుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, కొంత క్యాష్ ఉంచుకోండి.

మీ ఐదుగురిలో ఘాట్ నడపగలిగేవాళ్ళు కనీసం ఇద్దరు ఉంటేనే సెల్ఫ్ డ్రైవ్ తీసుకోండి. ఒక్కరే అయితే వైజాగ్‌లోనే డ్రైవర్‌తో సహా బండి మాట్లాడుకోండి, ఆ ఒక్కడూ మీతో పాటు కిటికీలోంచి కొండలు చూస్తాడు.