ఖాళీ క్యాసెట్ల గురించి బుజ్జికి

రాజోలు,
మధ్యాహ్నం, బయట వాన

బుజ్జీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యా, నీ మేనకోడలు ఆదివారమైతే చాలు, ఎర్రగడ్డ సంతకి పోయి పాత క్యాసెట్లు ఏరుకొస్తోంది. పాటలున్నవైనా కాదు, ఖాళీవి! నువ్వే చెప్పు దానికి" అని మొత్తుకుంది. చెప్తాలే అన్నాను. ఫోను పెట్టేశాక ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను. పద్నాలుగేళ్లు క్యాసెట్ల కొట్టు నడిపినవాడి పోలిక ఎక్కడికి పోతుంది! ఆ తర్వాత టీడీకే ఎంఏ-ఆర్ అనే జపాను క్యాసెట్ ఒక్కదానికి ఆరు వేలు పోశావని తెలిసింది. నవ్వు ఆగింది.

సరుకు మంచిదే, కాదనను. 1979లో వచ్చింది, పోతపోసిన లోహపు చట్రం, చేతిలో పెట్టుకుంటే బరువు తెలుస్తుంది. మా కొట్లో అదెప్పుడూ లేదు. సింగపూర్ నుంచి వచ్చిన ఒకాయన చూపిస్తే ఒక నిమిషం పట్టుకుని తిరిగిచ్చేశాను. అలాంటిది ఇప్పుడు నీ బల్ల మీద ఉంది. గర్వంగానే ఉందే. కానీ ఆరు వేలేంటే, ఆరు వేలు!

సరే, తెలిసినవి చెప్తాను. క్యాసెట్లు నిలబెట్టి పెట్టు. స్పీకర్ల దగ్గర పెట్టకు. నూట ఇరవై నిమిషాలవి కొనకు. ఆ టేపు మందం 9 మైక్రాన్లే, అరవై నిమిషాలదానిలో సగం, రోలరు నమిలేస్తుంది. కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట మీద తెల్లగా కనిపించిందా, అది బూజు. ఊరికే ఇచ్చినా తీసుకోకు. అలాంటిది ఒక్కటి ఆడిస్తే చాలు, డెక్కులోంచి మిగతావాటికి పాకుతుంది. ఎన్నేళ్లో కదలని టేపుని ముందు ఈ చివర్నుంచి ఆ చివరికి ఒకసారి తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పు. లోపలి స్పాంజి ముక్క జిగురు ఎండి ఊడిపోతుంటుంది. స్క్రూలున్న క్యాసెట్టయితే విప్పి అతికించొచ్చు, వచ్చినప్పుడు నేర్పుతాను. టీడీకేలోనే ఎస్‌ఏ అనే రకం క్యాసెట్టుని మేమంతా క్రోమ్ అనేవాళ్లం, నిజానికి అందులో క్రోమియం లేదు, కోబాల్టు పట్టించిన ఇనుప ఆక్సైడు. డెక్కు మీది టేపు రకం స్విచ్చిని మాత్రం క్రోమ్ మీదే పెట్టి రికార్డు చెయ్యాలి.

ఇక రేపరు. రేపరు చెక్కు చెదరలేదు కాబట్టి లోపలిది కొత్తదే అంటావు. ఆ మాట నాతో అనకు. రేపర్లు చుట్టినవాణ్ణి నేను.

1987లో సంగతి. జపాను క్యాసెట్ కొత్తది కొనే తాహతు ఊళ్లో ఎంతమందికుంది? పాతది తెచ్చిస్తే ధర తగ్గించి, పాటలెక్కించిన వేరేది ఇచ్చేవాణ్ణి. తెచ్చిన పాతదాన్ని ఎరేజర్ మీద తుడిచేవాణ్ణి. చిన్న ఇస్త్రీపెట్టెలా ఉండేది, లోపల తీగచుట్ట, కరెంటు పెడితే గుయ్యిమనేది. చేతి వాచీ తీసి అవతల పెట్టి, క్యాసెట్టుని దాని మీద నాలుగు చుట్లు తిప్పి, మెల్లగా దూరం జరిపాకే స్విచ్చి కట్టెయ్యాలి. గంట పాటలు పది సెకన్లలో పోయేవి. తుడిచినదానికి సన్నటి ప్లాస్టిక్ చుట్టి, కొవ్వొత్తి సెగ చూపించి, కొత్తవాటి వరసలో పెట్టేవాణ్ణి. మీ అత్తయ్యకి కూడా తెలీదిది.

మా వైపు నుంచి ఆడవాళ్లు ఇళ్లల్లో పనికి కువైట్ వెళ్లేవారు కదా. రాయడం రానివాళ్లు క్యాసెట్లో మాట్లాడి, ఊరికొచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. 1963లో ఫిలిప్స్ వాళ్లు దీన్ని తెచ్చింది కూడా పాటలకని కాదు, మాటలు ఎక్కించుకోవడానికే. టేప్‌రికార్డర్ లేనివాళ్లు మా కొట్టుకొచ్చి బెంచీ మీద కూర్చుని వినేవారు. దానికి డబ్బులు తీసుకునేవాణ్ణి కాదు, అదీ చెప్పుకోవాలి.

ఒకరోజు పదేళ్ల కుర్రాడొకడు టీడీకే డి-60 తెచ్చాడు. దాని మీద పేరు లేదు, గీత లేదు. కొత్త సినిమా పాటలున్నది కావాలన్నాడు. నేను వినలేదు. వాడి ఎదురుగానే ఎరేజర్ మీద పెట్టాను.

మర్నాడు వాళ్ల అమ్మమ్మ వాడి రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. కువైట్ నుంచి కూతురు పంపిన క్యాసెట్టది. శనివారం తలంటుకుని తీరిగ్గా వచ్చి విందామని బియ్యం డబ్బాలో దాచిందట. ఇంకా ఎవరూ వినలేదు.

లోపలికెళ్లి రేపరు చింపి, తెచ్చి డెక్కులో పెట్టాను. సుయ్యిమంటూ అరగంట. ఆవిడ రెండోవైపు వెయ్యమంది. ఇంకో అరగంట. బేరాలు వస్తున్నాయి, పోతున్నాయి, ఆవిడ బెంచీ మీంచి కదల్లేదు. చివరికి నేనే అన్నాను, "అమ్మా, మీ అమ్మాయి రెండు బటన్లూ కలిపి నొక్కలేదేమో. ప్లే ఒక్కటే నొక్కి మాట్లాడి ఉంటుంది."

కాసేపు ఆలోచించి నవ్వింది. "దానికి మిషన్లేం తెలుసయ్యా, పిచ్చిముండ. గంటసేపూ గోడకి చెప్పుకుని ఉంటది" అంది.

కుర్రాడు నా మొహంలోకి చూశాడు. వాడు ఎరేజర్ని చూశాడు కదా. ఏమీ అనలేదు. పాటల క్యాసెట్ ఊరికే ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆ తర్వాత వాడు మా కొట్టు మెట్లెక్కలేదు.

కాబట్టి నువ్వు ఏది తెచ్చినా, రేపరున్నది తెరిచినా సరే, రెండు వైపులా చివరిదాకా విను. మొదట్లో రెండు నిమిషాలు విని ఖాళీ అనుకోకు. కొత్తవాళ్లు మైకు ముందు నోరు విప్పడానికి చాలా సేపు పడుతుంది, ఎంతమందిని చూశానో. ఎవరి గొంతైనా వినిపిస్తే వెనకున్న రెండు ట్యాబులూ విరగ్గొట్టు, ఇంక దాని మీద ఏమీ ఎక్కదు. ఎక్కడ కొన్నావో, ఏ రోజో చీటీ రాసి డబ్బాలో పెట్టు. నీ సరదా పాడు చేస్తున్నానని విసుక్కోకు.

రాత్రిళ్లు మేలుకుని వినకు, నీ కళ్లు అసలే మీ నాన్న కళ్లు. నా డెక్కు అటక మీద ఉంది. బెల్టు కరిగి తారులా అయిపోయింది. కొలత రాసి పంపుతాను, అక్కడ దొరికితే సంక్రాంతికి పట్టుకురా. ఆ ఎంఏ-ఆర్ కూడా తీసుకురా, ఒకసారి పట్టుకుని ఇచ్చేస్తాను.

ఆరు వేల సంగతి నాకు చెప్పింది మీ తమ్ముడు. మీ అమ్మకి ఆరు వందలని చెప్పాను. అడిగితే నువ్వూ అదే చెప్పు.

మావయ్య