దేవదూత వచ్చాడా, వచ్చిందా?

సందేహం: ఇంటర్మీడియట్ చదువుతున్న మా మనవరాలు విజయవాడ పుస్తక మహోత్సవంలో ఒక ఆంగ్ల నవల కొనుక్కుంది. స్వర్గభ్రష్టుడైన ఏంజెల్‌కూ భూలోకపు అమ్మాయికీ నడిచే ప్రేమకథలో అది రెండో పుస్తకమట. కళాశాల పత్రికకు దాన్ని పరిచయం చేస్తూ "దేవదూత ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు" అని రాసింది. 'దూత' ఆడమాటలా వినిపించి నేను 'వచ్చింది' అని దిద్దాను. తాను ఒప్పుకోవడం లేదు. ఏది సరి? ఏంజెల్‌ను 'దేవత' అనవచ్చునా? 'సీక్వెల్'ను తెలుగులో ఏమనాలి? – ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు.

సమాధానం: మీ మనవరాలు రాసిందే సరి. తెలుగులో క్రియ మాట చివరి అక్షరాన్ని బట్టి కాక, ఆ మాట ఎవరిని చెబుతున్నదో వారిని బట్టి మారుతుంది. 'సీత', 'లత' అన్న పేర్ల చివర ఉన్న అకారమే 'నేత', 'దాత', 'విజేత'ల చివరా ఉన్నా, నాయకుడైతే 'నేత వచ్చాడు' అనీ, నాయకురాలైతే 'నేత వచ్చింది' అనీ తడుముకోకుండా అంటున్నాం. సంస్కృతంలో 'దూత' అకారాంత పుంలింగ శబ్దం కనుక, రామ శబ్దం రాముడైన పద్ధతిలో అది 'దూతుడు' కావలసింది. వాడుకలో మాత్రం నేత, దాతల సరసన చేరి 'దూత'గానే నిలిచింది. నిజానికి ఆడమాట కావాలంటే సంస్కృతంలో 'దూతి', 'దూతిక' వేరే ఉన్నాయి, ప్రబంధ నాయికల చెలికత్తెలు చేసే పని ఆ దూతికలదే.

అయితే మీ అనుమానానికి ఆధారం లేకపోలేదు. గ్రాంథిక భాషలో ఈ చిక్కే తలెత్తలేదు, ఎందుకంటే 'వచ్చెను' అన్న ఒక్క రూపమే రాముడికీ, సీతకూ, ఆవుకూ సరిపోయేది. తెలుగు బైబిలులో గబ్రియేలు మరియ దగ్గరకు వచ్చిన ఘట్టం చదవండి: 'పంపబడెను', 'చెప్పెను' అని సాగే ఆ వాక్యాలలో క్రియ చూసి దూత స్త్రీయో పురుషుడో చెప్పలేం. వ్యావహారికానికి వచ్చాక 'వచ్చాడు', 'వచ్చింది' అని విడదీయక తప్పలేదు. ఆ విడదీసేచోట, క్రిస్మస్ నాటకంలో తెల్లగౌను వేసుకుని అట్టరెక్కలు కట్టుకున్న చిన్నారులు మన కళ్లముందు మెదిలి, క్రియ 'వచ్చింది' వైపు ఒరుగుతున్నదని నా అనుమానం. గబ్రియేలు, మిఖాయేలు పురుషనామాలన్నది అప్పుడు గుర్తుకు రాదు. బహువచనంలో పేచీ లేదు: 'దేవదూతలు వచ్చారు' అనాలే తప్ప 'వచ్చాయి' అనకూడదు. దూత ఎవరో మూలంలో తేల్చనిచోట గౌరవ బహువచనం వాడి 'ఆ దూత వచ్చారు' అంటే ఇబ్బంది తప్పుతుంది. కథానాయకుడైన పడుచువాడికి మాత్రం అంత మన్నన అక్కరలేదు, 'అతను' చాలు.

ఇక 'దేవత' కుదరదు. ఈ మాట మన భాషలో విచిత్రంగా నడుస్తుంది. 'దేవతలు' అంటే ఇంద్రుడు, అగ్ని, వరుణుడు అందరూ వస్తారు; 'దేవత' అని ఒక్కరిని అంటే మాత్రం స్త్రీయే స్ఫురిస్తుంది. 'ఇంద్రుడనే దేవత వచ్చాడు' అని ఎవరూ అనరు. సంస్కృతంలో ఆ శబ్దం స్త్రీలింగం కావడం ఇందుకు కొంత కారణం. గ్రామదేవతలు, వనదేవతలు మిగిలిన కారణం. పైగా దేవత పూజలందుకునేది, దూత పంపిన పని చేసేవాడు. ఏంజెల్‌కు మూలమైన గ్రీకు 'ఆంగెలోస్'కు అర్థం వార్తాహరుడు. అందువల్ల 'దేవదూత' మాట అర్థానికి అచ్చంగా అతుకుతుంది. భాగవతంలోని అజామిళుడి కథలో విష్ణుదూతలు యమదూతలతో వాదించినప్పటి నుంచీ పైలోకపు దూతలు మనకు పరిచితులే.

మన గుణదల కొండ దగ్గర వినిపించే కతోలిక ప్రార్థనలలో 'సన్మనస్కులు' అన్న మరో చక్కని మాట ఉంది. దానికి ఏకవచనం 'సన్మనస్కుడు' కనుక లింగం విషయంలో సందేహానికే చోటుండదు. కానీ స్వర్గం నుంచి తరిమివేతకు గురైన నాయకుణ్ణి 'మంచి మనసు గలవాడు' అని పిలిస్తే, రెండో పుస్తకందాకా దాచిపెట్టిన రహస్యం మొదటి పేజీలోనే బయటపడవచ్చు! కొందరు అనువాదకులు 'గంధర్వుడు' అంటారు. మనుచరిత్రలో ఒక గంధర్వుడు ప్రవరుడి రూపంలో వరూధినిని చేరిన కథ తెలిసిన మనకు ఆ మాట ప్రేమకథకు అందంగా ఒదిగినట్టే ఉంటుంది, కానీ గంధర్వుడు గాయకుడు, ఎవరి కబురూ మోసేవాడు కాడు. నేను దానికి ఒప్పుకోను.

'సీక్వెల్'కు 'ఉత్తరభాగం' అనవచ్చు గాని, పూర్వోత్తర భాగాలంటే ఒకే గ్రంథానికి రెండు సగాలన్న అర్థం వస్తుంది. తిక్కన 'నిర్వచనోత్తర రామాయణం'లో 'ఉత్తర' తరువాతి కథ అని తెలిసినవారికి తెలుస్తుంది. ఇంటర్మీడియట్ పిల్లలకు దిక్కో జాబో తోస్తుంది. విడి పుస్తకంగా వచ్చినదాన్ని 'కొనసాగింపు నవల' అంటే చాలు. పత్రికకు పంపేముందు మీ దిద్దుబాటును కొట్టివేయండి.