వైద్య పత్రికకు తొలి పరిశోధన పత్రం పంపబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుపై నువ్వు చేసిన థీసిస్‌ను పరిశోధన పత్రంగా మలిచి జర్నల్‌కు పంపాలనుకుంటున్నావనీ, పంపే ముందు ఏమేమి చూసుకోవాలో చెప్పమనీ రాశావు. ఎన్ని పదాలు ఉండాలి, పట్టికలు ఎలా పెట్టాలి వంటి విషయాలు ఆ జర్నల్ వాళ్ల సూచనల్లోనే ఉంటాయి కనుక వాటి జోలికి పోను. ఎన్నో ఏళ్లు వైద్య విద్యార్థులకు పాఠాలు చెబుతూ, జర్నళ్ల కోసం పత్రాలు సమీక్షిస్తూ వచ్చిన మనిషిగా నేను ప్రతి పత్రాన్నీ ఒకే ప్రశ్నతో చదువుతాను: దీని మీద పేరు పెట్టుకున్న వాళ్లు ఇందులోని అంకెలకు రేపు జవాబు చెప్పగలరా? ఈ ఉత్తరంలో నేను రాసేదంతా ఆ ప్రశ్నకు సంబంధించినదే.

ముందుగా పేర్ల సంగతి. మన కళాశాలల్లో ఎక్కువ గొడవలు, ఎక్కువ మౌనాలు ఇక్కడే ఉంటాయి. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం, అంటే 1978లో వాంకూవర్‌లో సమావేశమైన కొందరు సంపాదకులతో మొదలైన సంఘం, రచయిత అనిపించుకోవడానికి నాలుగు షరతులు పెట్టింది. అధ్యయనాన్ని ఊహించి రూపకల్పన చేయడంలో గానీ, సమాచారం సేకరించి విశ్లేషించడంలో గానీ చెప్పుకోదగ్గ పాలు ఉండాలి. పత్రాన్ని రాయడంలోనో, విమర్శనాత్మకంగా దిద్దడంలోనో చేయి ఉండాలి. పంపబోయే చివరి ప్రతిని చదివి ఆమోదించి ఉండాలి. పనిలో ఏ భాగం గురించి ప్రశ్న వచ్చినా దాని నిజానిజాలు తేల్చే బాధ్యతలో పాలు పంచుకోవడానికి ఒప్పుకోవాలి. ఈ నాలుగో షరతును 2013లో చేర్చారు. నాలుగింటిలో ఏవో రెండు ఉంటే సరిపోదు, నాలుగూ ఉండాలి.

ఇప్పుడు మీ విభాగాధిపతిగారి పేరు సంగతి చూద్దాం. అనుమతి ఇవ్వడం, విభాగాన్ని నడపడం, నిధులు ఇప్పించడం ఇవన్నీ గౌరవించదగిన పనులే అయినా, వాటివల్ల మాత్రమే ఎవరూ రచయిత కారు. వాటికి తగిన చోటు కృతజ్ఞతల భాగం. అయితే పదోన్నతికి ప్రచురణలు లెక్కలోకి వచ్చే వ్యవస్థలో, పరీక్షకు నిన్ను పంపాల్సిన మనిషి ఆయనే అయినప్పుడు, ఈ నియమాన్ని ఆయన ముఖాన చెప్పమని నీకు సలహా ఇవ్వడం న్యాయం కాదు. దానికి మర్యాదైన దారి ఉంది. పత్రం ముసాయిదా ఆయనకు ఇచ్చి, తీరిగ్గా చదివి దిద్దమని మనస్ఫూర్తిగా అడుగు. తరువాత, "సార్, ఒక్కొక్కరూ చేసిన పని ఏమిటో విడివిడిగా రాసి పంపమని జర్నల్ వాళ్లు అడుగుతున్నారు. మీ పేరు ఎదురుగా ఏం రాయమంటారు?" అని అడుగు. రూపకల్పన దశలోనే ఆయన సలహా ఇచ్చి ఉండి, ఇప్పుడు నిజంగా దిద్ది, బాధ్యతకు కూడా ఒప్పుకుంటే ఆయన రచయితే, అందులో మొహమాటమేమీ అక్కర్లేదు. రాయడానికి ఏమీ లేకపోతే ఆ ఖాళీ గడే మీ ఇద్దరికీ విషయం చెబుతుంది. అప్పటికీ ఒత్తిడి వస్తే నీ గైడ్‌ను ముందుంచుకుని మాట్లాడు, ఒంటరిగా తలపడవద్దు. ఈసారికి ఆలస్యమైంది గానీ, ఇకపై ఏ అధ్యయనమైనా ప్రోటోకాల్, అంటే అధ్యయన ప్రణాళిక, రాసే రోజునే ఎవరెవరు రచయితలు, ఏ వరుసలో ఉంటారు అన్నది కాగితం మీద పెట్టుకోండి. పని మారితే వరుస కూడా మార్చుకోవచ్చు.

చేయని వాళ్ల పేరు చేర్చడం ఎంత తప్పో, చేసిన వాళ్ల పేరు దాచడమూ అంతే తప్పు. నీ లెక్కలు చేసిపెట్టిన గణాంక నిపుణురాలు విశ్లేషణ పద్ధతిని తానే నిర్ణయించి ఉంటే, తక్కిన షరతులు తీర్చే అవకాశం కూడా ఆమెకు ఇచ్చి రచయితల్లో చేర్చాలి. ఊళ్లలో నీతో పాటు ఇల్లిల్లూ తిరిగిన ఆశా కార్యకర్తలకు, రక్తం తీసిన టెక్నీషియన్‌కు కృతజ్ఞతల్లో చోటివ్వు, పేరు వేసే ముందు వాళ్ల అంగీకారం రాతపూర్వకంగా తీసుకో. నీ రోగుల రక్తంలో భాస్వరం కొలవడం గురించి చదువుకున్నప్పుడు ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని చదివే ఉంటావు. 1925లో ఆ పత్రం వెలువడినప్పుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డ్‌లో ఫిస్కే దగ్గర పనిచేస్తున్న విద్యార్థి. ఆ పత్రం మీద ఆయన పేరు ఉండబట్టే ఇవాళ్టికీ బయోకెమిస్ట్రీ చదివే పిల్లలు గురువు పేరుతో పాటు ఆయన పేరూ పలుకుతున్నారు. చిన్నవాళ్లు చేసిన పనికి వాళ్ల పేరు దక్కడం అంత పెద్ద విషయం.

ఇక అంకెలు. రచయితల్లో కనీసం ఇద్దరు అసలు సమాచారాన్ని, అంటే కేస్ షీట్లు, ల్యాబ్ రిపోర్టులు, కంప్యూటర్లో ఎక్కించిన పట్టిక, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసి ఉండాలని నా అభిప్రాయం. ఇలా ఎందుకంటున్నానో 2020 మే నెలలో లాన్సెట్ అనే వైద్య పత్రికలో హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందు గురించి వచ్చిన పత్రం చూస్తే తెలుస్తుంది. 671 ఆసుపత్రుల నుంచి 96,032 మంది కోవిడ్ రోగుల సమాచారమని రాశారు. ఆ మందుతో మరణాలు పెరుగుతున్నాయని చెప్పడంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పరీక్షలో ఆ మందు ఇవ్వడాన్ని తాత్కాలికంగా ఆపింది. అయితే ఏప్రిల్ 21 నాటికి ఆస్ట్రేలియా మొత్తంలో నమోదైన కోవిడ్ మరణాల కంటే, ఆ పత్రంలో కొద్ది ఆసుపత్రుల కింద చూపిన మరణాలే ఎక్కువగా ఉన్నాయని చదివిన వాళ్లు పట్టుకున్నారు. ఆ సమాచారం తమదని చెప్పిన సర్జిస్ఫియర్ అనే కంపెనీ, స్వతంత్ర పరిశీలనకు మూల సమాచారం ఇవ్వడానికి నిరాకరించింది. ఆ సమాచారాన్ని తాము సరిచూసుకోలేకపోయామని చెప్పి, కంపెనీ అధిపతి మినహా మిగిలిన ముగ్గురు రచయితలు జూన్ 4న పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. అదే రోజున అదే కంపెనీ సమాచారంతో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన మరో పత్రం కూడా ఉపసంహరణ అయింది. పేరున్న వైద్యులు, పేరున్న జర్నళ్లు, సమీక్షకులు, ఇంతమంది ఉండి కూడా అడగవలసిన మొదటి మాట, "మూల సమాచారం ఏదీ?" అన్నది, పంపే ముందు ఎవరూ గట్టిగా అడగలేదు.

నీ అధ్యయనంలో ప్రలోభం ఎక్కడుందో కూడా నాకు తెలుసు. దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బు అని తేల్చాలంటే మూత్రపిండాలు వడకట్టి పంపాల్సిన వ్యర్థమైన క్రియాటినిన్ రక్తంలో ఒక్కసారి ఎక్కువ వస్తే చాలదు. మూత్రపిండాల వడపోత రేటు నిమిషానికి 60 మిల్లీలీటర్ల కంటే తగ్గడమో, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోవడమో మూడు నెలలకు మించి కొనసాగాలి. జీడితోటల్లోనూ కొబ్బరి తోటల్లోనూ ఎండలో పనిచేసి వచ్చిన మనిషికి ఒంట్లో నీరు తగ్గి ఆ రోజుకు క్రియాటినిన్ పెరిగి ఉండవచ్చు కాబట్టి, రెండో పరీక్ష నీ అధ్యయనానికి ప్రాణం వంటిది. సోంపేట, కవిటి నుంచి కూలి మానుకుని రెండోసారి రాలేకపోయిన వాళ్లు తప్పక ఉంటారు. ఆ గడులు ఖాళీగానే ఉంచు. ఎంతమంది రాలేదో, వచ్చిన వాళ్లకూ రాని వాళ్లకూ వయసులో, తొలి పరీక్ష ఫలితాల్లో తేడా ఏమైనా ఉందో పత్రంలో రాయి. ఇటువంటి పరిశీలనాత్మక అధ్యయనాల పత్రంలో ఏమేమి రాయాలో చెప్పే స్ట్రోబ్ అనే జాబితా కూడా ఇదే అడుగుతుంది. "ఒక్క రీడింగే కదా" అని ఎవరైనా నింపేయమంటే, అది కల్పన కిందికి వస్తుందని నిర్మొహమాటంగా చెప్పు. ఆ ఒక్క అంకె ఆధారంగా ఉద్దానంలో ఎంతమందికి జబ్బుందో లెక్క కడతారు, డయాలిసిస్ పడకలు ఎన్ని కావాలో రేపెవరో ఆ లెక్కతోనే నిర్ణయిస్తారు. అలాగే ప్రోటోకాల్లో ముఖ్య ఫలితం అని రాసుకున్నదాన్నే పత్రంలోనూ ముఖ్య ఫలితంగా చూపించు. అది అనుకున్నట్టు రాలేదని, దొరికిన మరో సంబంధాన్ని ముందుకు తెచ్చి మొదటి నుంచీ అదే వెతికినట్టు రాయడం చదివే వైద్యుణ్ని మోసం చేయడమే.

మనుషుల మీద పరిశోధనకు 1964 నాటి హెల్సింకి ప్రకటన, మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన జాతీయ నైతిక మార్గదర్శకాలు ఆధారం. ఎథిక్స్ కమిటీ అనుమతి తేదీ మొదటి రోగిని చేర్చుకున్న తేదీకి ముందుండాలి. పని అయ్యాక అనుమతి తెచ్చుకోవడమనేది లేదు. రేపు మందుతో గానీ, మరే చికిత్సతో గానీ అధ్యయనం చేస్తే మొదటి రోగి చేరకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయాలని గుర్తుపెట్టుకో. 2018 ఏప్రిల్ నుంచి మన రిజిస్ట్రీ చికిత్సా పరీక్షల విషయంలో ముందస్తు నమోదునే ఒప్పుకుంటోంది.

సమ్మతి పత్రం విషయంలో మన తెలుగు నేల మీదే జరిగిన ఉదంతం ఉంది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా ఇచ్చి అధ్యయనం చేశారు. కొందరు పిల్లలు మరణించారన్న ఆందోళనతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపారు. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చనే విచారణ సంఘం చెప్పింది. కానీ తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు పెట్టారని బయటపడింది, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే అయినా, అడగకుండా వేశారన్న మాట ఊళ్లలో చాలాకాలం మిగిలిపోతుంది. నీ అధ్యయనంలో వేలిముద్ర వేసిన వాళ్ల కాగితాల మీద, వాళ్లకు తెలుగులో చదివి వినిపించినప్పుడు పక్కనున్న నిష్పాక్షిక సాక్షి సంతకం ఉందో లేదో ఒక్కొక్కటీ తీసి చూడు. లేని వాళ్ల సంగతి ఎథిక్స్ కమిటీకి నువ్వే తెలియజేసి, వాళ్లు చెప్పినట్టు నడుచుకో.

రోగి గుర్తింపు గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. కళ్ల మీద నల్ల గీత వేస్తే ఫొటోలో మనిషి దాగిపోడు, సంపాదకుల సంఘమూ ఇదే చెప్పింది. పేరు తీసేసి వయసు, కులవృత్తి, ఊరు రాసినా చిన్న ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. ఫలానా ఊరిలో ఇంతమందికి కిడ్నీలు చెడిపోయాయని అచ్చులో పడితే ఆ ఊరి పిల్లలకు సంబంధాలు కుదరడం కూడా కష్టమవుతుందని ఉద్దానంలో తిరిగిన నీకు నేను చెప్పనక్కర్లేదు. శాస్త్రానికి మండలం పేరు సరిపోయిన చోట ఊరి పేరు వద్దు. ఎవరిదైనా ఫొటో తప్పనిసరిగా కావాలంటే, అది ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడగలిగేలా ఉంటుందని విడమరిచి చెప్పి, ప్రచురణకు వేరే సమ్మతి తీసుకో.

భాష, కాపీ విషయాలు నీకు తెలిసినవే. ఇతరుల వాక్యాలు ఎత్తిరాయవద్దు, ఒకే పత్రాన్ని రెండు జర్నళ్లకు ఒకేసారి పంపవద్దు, ఒక అధ్యయనాన్ని ముక్కలు చేసి నాలుగు పత్రాలుగా చూపవద్దు. థీసిస్ ఆధారంగా రాసినదని, సదస్సులో ఇంతకుముందు సమర్పించి ఉంటే ఆ సంగతీ కవరింగ్ లెటర్‌లో చెప్పేయి. కృత్రిమ మేధను ఇంగ్లీషు దిద్దుకోవడానికి వాడుకుంటే దేనికి వాడావో పత్రంలో రాయి. అది బాధ్యత వహించలేదు కనుక రచయిత కాలేదు. అది చూపించిన ప్రతి మూలాన్నీ నువ్వే తెరిచి చదవాలి, లేని పత్రాలను ఉన్నట్టు చూపడం దానికి అలవాటు.

డబ్బు సంబంధాలు ఏవైనా ఉంటే, నీవీ, మీ సార్‌వీ కూడా, చిన్నవని దాచకుండా వెల్లడించండి. వెల్లడించడం తప్పు ఒప్పుకోవడం కాదు, తూకం వేసుకునే అవకాశం పాఠకుడికి ఇవ్వడం. 1998లో లాన్సెట్‌లో పన్నెండు మంది పిల్లలను చూపి, తట్టు టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉండవచ్చని సూచించిన పత్రం రచయిత వేక్‌ఫీల్డ్, టీకా కంపెనీల మీద దావాకు సిద్ధమవుతున్న న్యాయవాది నుంచి డబ్బు అందుకున్న సంగతి చెప్పలేదు. పత్రాన్ని ఉపసంహరించేసరికి 2010 వచ్చింది. ఆ మధ్యలో ఎందరో తల్లులు పిల్లలకు తట్టు టీకా వేయించడానికి భయపడ్డారు.

రోజులు దగ్గరపడుతున్నాయని, డబ్బు కడితే వారంలో అచ్చు వేస్తామనే జర్నల్ వలలో పడవద్దు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ సంస్థ సరైన సమీక్ష లేకుండానే రచయితల దగ్గర రుసుములు వసూలు చేసిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. 2019లో అక్కడి న్యాయస్థానం 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పు చెప్పింది. నిజంగా ఎవరూ చదవకుండా అచ్చయిన పత్రాన్ని మళ్లీ మంచి జర్నల్‌కు పంపలేవు, ఆ రోగులిచ్చిన రక్తమూ సమయమూ అక్కడితో వృథా అయినట్టే.

అచ్చయ్యాక ఏదైనా పొరపాటు నీకే కనబడితే, ఎవరో అడిగేదాకా ఆగకుండా సంపాదకుడికి రాసి సవరణ వేయించు. ఉద్దేశం లేని పొరపాటును సవరించుకున్న వాళ్ల మీద సంపాదకులకు నమ్మకం పెరగడమే నేను చూశాను. అందుకే కేస్ షీట్లు, సమ్మతి పత్రాలు, విశ్లేషణ ఫైళ్లు హాస్టల్ గదిలో కాకుండా విభాగంలో తాళం వేసిన బీరువాలో ఉంచి, ఎవరి దగ్గర తాళం ఉందో రాసిపెట్టు. ఫలితాలు తేలాయి కాబట్టి, రక్తం ఇచ్చిన వాళ్లలో జబ్బు బయటపడిన ప్రతి ఒక్కరికీ వాళ్ల రిపోర్టు అందిందో లేదో, పత్రం పంపే ముందే చూసుకో. అందకపోతే ముందు ఆ పని పూర్తిచేసి, తరువాత జర్నల్ సంగతి చూడు.

ఆశీస్సులతో,
మామయ్య