మెటలర్జీ చదివితే గనుల్లోకి దిగాలా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. గనుల వ్యర్థాల నుంచి రేర్ ఎర్త్స్ (మోటార్ల అయస్కాంతాల లాంటి వాటిలో వాడే లోహాలు) తీసే పని చేస్తాను, మెటలర్జీలో, అంటే లోహాల ఇంజినీరింగ్‌లో చేరతాను అంటోంది. బంధువులేమో సీఎస్ఈ తప్ప వేరే మాట ఎత్తొద్దంటున్నారు. ఆడపిల్ల గనుల్లో ఎలా పనిచేస్తుందని మాకూ టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు గనుల భయం పక్కన పెట్టండి. మీ అమ్మాయి చెబుతున్నది తవ్వే పని కాదండి, వేరేవాళ్లు తవ్వి వాడుకుని వదిలేసిన దాని మీద పని, అదీ ల్యాబ్‌లో, ఆ తర్వాత పైలట్ ప్లాంటులో, అంటే ప్రయోగం కోసం పెట్టే చిన్న ఫ్యాక్టరీలో. మన పక్కనే ఒడిశా దామన్‌జోడిలో నాల్కో అనే ప్రభుత్వ కంపెనీ వాళ్లు బాక్సైట్ ఖనిజం నుంచి అల్యూమినా (అల్యూమినియం తయారీకి వాడే పొడి) తీస్తారు. టన్ను అల్యూమినాకి టన్ను నుంచి టన్నున్నర దాకా ఎర్ర బురద మిగులుతుంది, రెడ్ మడ్ అంటారు, నిండా కాస్టిక్ సోడా ఘాటు. 2010లో హంగరీలో ఇలాంటి బురద చెరువు గట్టు తెగి పది మంది చనిపోయారు. ఆ బురదలోనే స్కాండియం, సీరియం, నియోడిమియం లాంటి రేర్ ఎర్త్స్ ఉంటాయి, కాకపోతే టన్నుకి కొన్ని వందల గ్రాముల లెక్కన. చౌడు నేలకు మన రైతులు వేసే ఫాస్ఫోజిప్సంలోనూ (ఎరువుల ఫ్యాక్టరీల్లో మిగిలే జిప్సం) ఇవి కొద్దిగా ఉంటాయి.

వీటిని యాసిడ్‌లో కరిగించి బయటికి తేవడం ఒక ఎత్తు, ఒకదాన్నుంచి ఒకటి విడదీయడం ఇంకో ఎత్తు. నియోడిమియం, ప్రసియోడిమియం రసాయన గుణాల్లో దాదాపు కవలపిల్లలు. సెపరేటింగ్ ఫనెల్ అనే గాజు గరాటులో కింద లోహాలు కరిగిన యాసిడ్ నీళ్లు, పైన లోహాన్ని లాక్కునే రసాయనం కలిపిన కిరోసిన్ పోసి బాగా కుదిపి వదిలేస్తే రెండు పొరలుగా తేరుకుంటాయి, ఒక లోహం రెండోదాని కంటే రవ్వంత ఎక్కువగా పై పొరలోకి పోతుంది. ఆ రవ్వంత తేడాని పట్టుకుని అదే పని పదులు, వందల దశల్లో చేయాలి. అందుకే మీ అమ్మాయిని ఒకటే అడగండి, కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో సాల్ట్ అనాలిసిస్ ఇష్టంగా చేస్తుందా, లేక పక్కవాళ్ల రికార్డు చూసి రాసేస్తుందా అని. ఇష్టంగా చేస్తే ధైర్యంగా పంపండి.

ఉద్యోగాల మాట దాచకుండా చెబుతాను. బీటెక్ అవగానే క్యాంపస్‌కి వచ్చి తీసుకెళ్లే రేర్ ఎర్త్ కంపెనీలు మన దగ్గర లేవనే అనుకోండి. ఈ పని ఎక్కువగా ఐఆర్ఈఎల్, బార్క్, భువనేశ్వర్ ఐఎంఎంటీ, జంషెడ్‌పూర్ ఎన్ఎంఎల్ లాంటి ప్రభుత్వ సంస్థల్లోనే ఉంది. అయితే 2025 జనవరిలో కేంద్రం 16,300 కోట్ల ఖర్చుతో క్రిటికల్ మినరల్ (కీలక ఖనిజాల) మిషన్‌కి ఆమోదం ఇచ్చింది, వ్యర్థాల నుంచి ఖనిజాలు తీయడం కూడా అందులో ఉంది. అదే ఏడాది ఏప్రిల్‌లో చైనా ఏడు రేర్ ఎర్త్స్ ఎగుమతిపై ఆంక్షలు పెట్టడంతో మన మోటార్ల కంపెనీలకూ చురుకు తగిలింది. మీ అమ్మాయి ఎంటెక్ పూర్తిచేసే నాటికి పరిస్థితి ఇప్పటికంటే మెరుగ్గా ఉంటుందని నా నమ్మకం.

మీకు బస్సు దూరంలో ఉన్న తాడేపల్లిగూడెం నిట్‌లోనే మెటలర్జీ ఉంది, దానికి జేఈఈ మెయిన్ ర్యాంకు కావాలి. అది రాకపోతే ఆంధ్రా యూనివర్సిటీలో మెటలర్జీ గానీ కెమికల్ గానీ చూడండి. నిట్‌లో మెటలర్జీ, ఊరూపేరూ లేని కాలేజీలో సీఎస్ఈ రెండూ ఎదురుగా ఉంటే నేను మొదటిదే తీసుకోమంటాను. రేర్ ఎర్త్ స్పెషలైజేషన్ అని పేరు తగిలించి ఫీజు గుంజే కోర్సుల జోలికి మాత్రం వెళ్లొద్దు. మామూలు మెటలర్జీ అయితే ఇది కుదరకపోయినా ఉక్కు, అల్యూమినియం, బ్యాటరీ రీసైక్లింగ్ వైపు దారి ఉంటుంది. ఎంటెక్ ఖర్చు గురించి ఇప్పుడే బెంగ పెట్టుకోకండి, గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) స్కోరుతో చేరితే నెలకి 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది.