నల్లమలకు ముసలోళ్లు, పిల్లలతో కారులో పోతున్నారా? ముందు గేటు టైము చూసుకోండి

మహబూబ్‌నగర్ నుంచి అమ్మానాన్నలు, ఇద్దరు చిన్నపిల్లలతో సొంత కారులో రెండు రోజులు నల్లమల తిరగాలి, శ్రీశైలం కూడా కలుపుకోవచ్చా అని అడిగారు. మేం ఇట్లాగే రెండుసార్లు పోయొచ్చాం. మొదటిసారి పడ్డ తిప్పలే ముందు చెప్తా.

అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోంచి పోయే శ్రీశైలం హైవేని రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. మాకు తెలియక కాదు. దర్శనం క్యూలో కొంత, పాతాళగంగ దగ్గర కొంత, మా అమ్మ గాజుల బేరంలో మరికొంత ఆలస్యమైంది. తిరిగొస్తూ దోమలపెంట చెక్‌పోస్టుకు వచ్చేసరికి రాత్రి 9:20. గేటు పడింది. ఇక పొద్దున దాకా కారే ఇల్లు. మా నాన్న సీటు వాల్చి, మఫ్లర్ చుట్టుకుని నిమిషంలో గురక పెట్టారు. చిన్నోడు ఆకలని ఏడుస్తుంటే, పక్కన ఆపుకున్న లారీ డ్రైవర్ స్టవ్ వెలిగించి పాలు కాచిచ్చాడు. ఆయన పేరైనా అడగలేదు.

అందుకే రెండోసారి శ్రీశైలంలో దర్శనం వరకే పెట్టుకున్నాం, రాత్రి బస అడవి అంచున ఉన్న మన్ననూర్‌లో. అటవీ శాఖ కాటేజీలు, సఫారీ ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోవాలి. జడ్చర్ల, కల్వకుర్తి మీదుగా పోతే డిండి, హాజీపూర్ దాటాక మన్ననూర్ వస్తుంది. పెట్రోలు ఆలోపే కొట్టించుకోండి. అడవిలోకి పోయాక ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

ఎప్పుడు పోవాలంటే, నా లెక్కలో దసరా తర్వాతే. వానాకాలంలో సఫారీ ఉండదు. ఎండాకాలంలో మల్లెలతీర్థంలో నీళ్లు సన్నబడతాయి. అక్టోబరు, నవంబరులో రెండూ దొరుకుతాయి.

ఫర్హాబాద్ సఫారీలో మాకు పులి కనిపించలేదు. దుప్పులు, నెమళ్లు చాలానే కనిపించాయి. వెంట వచ్చిన చెంచు కుర్రాడు జీపు ఆపించి, ఒక మద్దిచెట్టు బెరడు మీద గోళ్ల గీతలు చూపించాడు. నా తల కంటే పైన ఉన్నాయవి. మా పాప చెయ్యెత్తి కొలుచుకుని, ఆ తర్వాత కాసేపు నోరెత్తలేదు. పులి కోసమే పోతే మాత్రం ఉసూరుమనాల్సి వస్తుంది.

వటవర్లపల్లి దగ్గర లోపలికి తిరిగితే మల్లెలతీర్థం. దాదాపు 350 మెట్లు దిగాలి. దిగడం సులువే, ఎక్కేటప్పుడే మోకాళ్లు మొరాయిస్తాయి. మా అమ్మను పైనే చెట్టు కింద కూర్చోబెట్టాం. ఆమె ఒళ్లోని మరమరాల పొట్లం కోతి లాక్కుపోయింది, అది వేరే సంగతి. రోడ్డు పక్క కోతులకు మాత్రం ఏమీ వేయకండి, తిండికి అలవాటుపడి బండ్ల కింద పడుతున్నాయి.

పెద్దవాళ్లకు మీరు పోయే దారిలో అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం నయం. కారు కొండ మీద గుడి దాకా పోతుంది. శ్రీశైలానికి ఉత్తర ద్వారమంటారు దాన్ని.

ఇంకొకటి. ఈగలపెంట దాటాక ఘాట్ మలుపుల్లో పిల్లలకు వాంతులు ఖాయం. బయల్దేరేముందు కడుపు నిండా ఇడ్లీ పెట్టకండి, నిమ్మకాయ చేతిలో ఉంచండి. అడవిలో ప్లాస్టిక్ నిషేధం కాబట్టి కవర్లు కాదు, పాత టవళ్లు రెండు పెట్టుకోండి. మేం ఒక్కటే పెట్టుకున్నాం.