ఒకే దురుసు మాట పాతవాళ్లు అంటే చెల్లుతుంది, కొత్తవాళ్లు అంటే ఎందుకు చెల్లదు?

మాట ఒకటే అయినా, అన్న మనిషి గురించి మన మనసులో ముందే ఉన్న అభిప్రాయాన్ని బట్టి దాన్ని తూకం వేస్తాం కాబట్టి. తెలిసినవాళ్లు విసుక్కుంటే "ఏదో ఒత్తిడిలో ఉన్నట్టున్నారు" అని తప్పును పరిస్థితి మీదికి నెట్టేస్తాం. కొత్తవాళ్ల విషయంలో మనకున్న ఆధారం ఆ ఒక్క మాటే, అందుకే దాన్నే స్వభావం అనుకుంటాం. ఆన్‌లైన్‌లో ఇది మరీ ఎక్కువ. గొంతు వినపడదు, ముఖం కనపడదు; రాసిన వాక్యానికి స్వరం తగిలించేది చదివేవాళ్లే. పరిచయం ఉంటే అది చనువు, లేకపోతే పొగరు.

దీనికి పేరుప్రతిష్ఠలూ తోడవుతాయి. బృందానికి మేలు చేసినవారికి కట్టుబాట్లు దాటే వెసులుబాటు కొంత జమ అవుతుందని అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్విన్ హాలండర్ 1958లో ప్రతిపాదించారు. జమ అంటే జమే, వాడినకొద్దీ తరుగుతుంది.

కంప్యూటర్లను నడిపే లినక్స్ సాఫ్ట్‌వేర్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ తోటి డెవలపర్ల మీద ఘాటుగా విరుచుకుపడటాన్ని చాలామంది ఏళ్ల తరబడి భరించారు (అందరూ కాదు, కొందరు తప్పుకున్నారు). చివరికి 2018 సెప్టెంబరులో ఆయనే క్షమాపణ చెప్పి, కొన్ని వారాలు పనికి విరామమిచ్చారు.

చాలామంది పొరబడేది ఇక్కడే: ముక్కుసూటిగా కసురుతారు కాబట్టే అలాంటివారికి గౌరవం అనుకుంటారు. నిజానికి గౌరవం పని వల్ల ముందే వచ్చింది, కసురును అది కప్పిపుచ్చిందంతే. ఎవరూ నోరెత్తలేదంటే ఎవరికీ నొప్పి కలగలేదని కూడా కాదు.